ఐదు రూపాయల్లో మూడు

మదురై మీనాక్షమ్మ గుడి దక్షిణ గోపురానికి దగ్గర్లోనే చొక్కప్ప నాయకన్ వీధి. 1896 ఆగస్టు 29, శనివారం. మధ్యాహ్నం రైలుకు ఇంకా వేళ కాలేదు. మెట్లెక్కి మేడ మీదికి రండి. మనల్నెవరూ చూడరు, గోడవారగా నిలబడదాం.

పదహారేళ్ళ కుర్రాడు ఇంపోజిషన్ రాస్తున్నాడు. పేరు వెంకట్రామన్, అమెరికన్ మిషన్ హైస్కూల్లో పదో తరగతి. బెయిన్ ఇంగ్లీషు గ్రామర్లో పాఠం అప్పజెప్పలేకపోయినందుకు మూడుసార్లు రాసుకురమ్మని పంతులుగారి శిక్ష. రెండుసార్లు రాయడం అయింది. మూడోది నడుస్తోంది. ఉన్నట్టుండి చెయ్యి ఆగింది. కాగితాలు పక్కకు తోసేశాడు. వెన్ను నిలిపి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ఎదురుగా అన్న నాగస్వామి. తమ్ముడి వాలకాన్ని అతను నెలన్నరగా చూస్తూనే ఉన్నాడు. బడి పట్టదు, ఆట పట్టదు, పెట్టింది తింటాడు. సాయంత్రం కాగానే ఒంటరిగా గుడికి పోయి మీనాక్షి ముందు కన్నీళ్ళు కారుస్తూ నిలబడతాడు. అన్నకు ఒళ్ళు మండింది. ఇలాంటి వాడికి ఈ ఇల్లూ ఈ చదువూ దేనికి అన్నట్టు ఒక మాట విసిరాడు. ఇదేం కొత్త మాట కాదు, ఈమధ్య ఇంట్లో తరచూ వినబడుతున్నదే. ఇవాళ మాత్రం తగలాల్సిన చోట తగిలింది. నిజమే కదా, నాకిక్కడ ఏం పని?

ఆ క్షణాన కుర్రాడి మొహం చూడండి. మనమైతే ఇక్కడినుంచి లెక్కలు మొదలుపెడతాం. పోతే అమ్మ ఏమైపోతుంది? పరీక్షలో? చేతిలో డబ్బు లేదే? వచ్చే నెల పోతే కాదా? నలుగురు ఏమనుకుంటారు? రాత్రంతా మంచం మీద దొర్లి, తెల్లారి ఇద్దరు స్నేహితుల్ని, ఒక జ్యోతిష్కుణ్ణి అడిగి, ముగ్గురూ మూడు మాటలు చెబితే నాలుగోవాణ్ణి వెతుక్కుంటాం. ఇతనికి తట్టింది ఒక్కటే పేరు: అరుణాచలం.

ఆ పేరు చెవిన పడి ఏడాది కూడా కాలేదు. కిందటి నవంబరులో తిరుచ్చుళిలో ఎరిగున్న ఓ బంధువును ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగితే, అరుణాచలం నుంచి అన్నాడాయన. అలాంటి ఊరు నేల మీద ఉందనీ, అక్కడికి మనుషులు వెళ్ళి రాగలరనీ అప్పుడే తెలిసి కుర్రాడు నివ్వెరపోయాడు. తర్వాత ఈ జూలైలో, ఇదే ఇంట్లో, ఒంటరిగా ఉన్నప్పుడు చావుభయం వచ్చి మీద పడింది. జబ్బేమీ లేదు. డాక్టరు దగ్గరికి పరుగెత్తలేదు, పెద్దల్ని పిలవలేదు. చచ్చేదేమిటో చూద్దామని శవంలా బిర్రబిగుసుకుని పడుకుని, ఊపిరి బిగబట్టి చూశాడు. ఈ ఒళ్ళు కట్టెలా అయినా, ‘నేను’ అనేది లోపల చెక్కుచెదరకుండా ఉందని ఎరుక కలిగింది. మళ్ళీ ఆ ఎరుక పోలేదు. ఇంపోజిషన్ మధ్యలో కళ్ళు మూసుకున్నది నిద్రకు కాదు, అందులోకి జారిపోవడానికి.

లేచాడు. బళ్ళో కరెంటు గురించి స్పెషల్ క్లాసుంది, పోవాలి అన్నాడు. అన్న ఆ మాట నమ్మాడు. అయితే కింద పెట్టెలోంచి ఐదు రూపాయలు తీసుకెళ్ళి నా కాలేజీ ఫీజు కట్టేసి రా అన్నాడు. చూశారా! దారిఖర్చు ఎలాగని అతను అడగనే లేదు, అన్నే చేతిలో పెట్టించాడు.

మెట్లు దిగుదాం. ఇక్కడినుంచి జరిగేది కాస్త శ్రద్ధగా చూడాలి. లోపలి మాట వినేవాడంటే కళ్ళకు గంతలు కట్టుకుని నడిచేవాడని మనకో అపోహ. ఈ కుర్రాడు అలా లేడు. పిన్ని అన్నం పెట్టింది, తిన్నాడు. పిన్ని ఇచ్చిన ఐదు రూపాయలు తీసుకున్నాడు. ఓ పాత అట్లాసు తెరిచి రైలు గీతల వెంట వేలు నడిపాడు. అరుణాచలం ఉన్న తిరువణ్ణామలైకి దగ్గరి స్టేషను తిండివనం అని తేల్చుకున్నాడు. మూడు రూపాయలైతే సరిపోతుందని అంచనా వేశాడు. మనసు మామూలుగా చేసే పనులన్నీ చేస్తూనే ఉంది. వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం దాని ముందుకు రాలేదు. ఎలా వెళ్ళాలన్నది మాత్రమే దాని పని. మన ఇళ్ళల్లో జరిగేది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది: ఎలాగో ఎవరూ కూర్చుని చూడరు, అవునా కాదా అన్న దగ్గరే ఏళ్ళు గడిచిపోతాయి.

ఇప్పుడు ఉత్తరం రాస్తున్నాడు. భుజం మీంచి తొంగిచూడండి. అరవంలో నాలుగు ముక్కలు. తండ్రి ఆజ్ఞ మేరకు తండ్రిని వెతుక్కుంటూ బయల్దేరుతున్నానని. ఇది మంచిపనే కాబట్టి ఎవరూ బాధపడొద్దని, వెతకడానికి డబ్బు తగలెయ్యొద్దని. కన్నతండ్రి సుందరం అయ్యర్ పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆ తండ్రి సంగతి కాదు ఇతను రాస్తున్నది. సంతకం చెయ్యాల్సిన చోట ఉత్త గీత. గీత కింద ఇంకో రెండు ముక్కలు: నీ కాలేజీ ఫీజు ఇంకా కట్టలేదు, ఇందులో రెండు రూపాయలున్నాయి.

నన్నడిగితే ఈ మొత్తం కథలో ఆ రెండు రూపాయలే గట్టి సాక్ష్యం. లోపలినుంచి పలికేదంతా దైవవాక్కు కాదు. కోరికా లోపలే పలుకుతుంది, రోషమూ లోపలే పలుకుతుంది, రెండూ మహా నమ్మకంగా పలుకుతాయి. అన్న మాటకు పొడుచుకొచ్చి ఇల్లు వదిలిన పదహారేళ్ళ వాళ్ళు ఏ ఊళ్ళో లేరు? అలాంటివాడు ఐదూ పట్టుకుపోతాడు. ఇంకా కసి ఉంటే ఉత్తరంలో రెండు మాటలంటాడు. ఇతను అవసరమైనంత తీసుకుని, మిగిలింది లెక్క చెప్పి, ఫీజు కట్టలేదని కూడా ఒప్పుకుని వెళుతున్నాడు. లోపల అలజడి ఉన్నవాడికి రెండు రూపాయలు గుర్తుండవు.

పదండి, ఆలస్యమైంది. పన్నెండింటి రైలు ఈపాటికి వెళ్ళిపోయి ఉండాలి. స్టేషను చేరేసరికి తెలిసింది, ఆ రోజు రైలూ ఆలస్యమే. గోడమీద ఛార్జీల పట్టిక. తిండివనం: రెండు రూపాయల పదమూడణాలు. అంతే, టికెట్టు కొనేశాడు. చేతిలో మూడణాలు మిగిలాయి. మీరైతే కాస్త కిందికి చూడండి, ఇతను చూడలేదు. అదే పట్టికలో ఇంకా కిందికి తిరువణ్ణామలై పేరే ఉంది. ఛార్జీ సరిగ్గా మూడు రూపాయలు! అట్లాసు అచ్చయ్యాక విల్లుపురం నుంచి కొత్త లైను పడింది. ఆ సంగతి పాత పటానికి తెలియదు, పటాన్ని నమ్మిన కుర్రాడికీ తెలియదు.

ఈ చోట భక్తులు మామూలుగా తొందరగా దాటిపోతారు. నాకు ఇక్కడే ఆగాలనిపిస్తుంది. పిలుపు సరైనదే, చూసుకున్న దారి తప్పు. లోపలి మాట విన్నంత మాత్రాన రైల్వే టైంటేబులు కంఠతా వచ్చేయదు.

పెట్టెలో కిటకిట. బొగ్గుపొగ, చెమట, కబుర్లు. కుర్రాడు ఎవరితోనూ మాట్లాడడు, కిటికీలోంచి చూడడు. ఎదర తెల్లగడ్డం మౌల్వీ ఒకాయన తోటివాళ్ళకు మహాత్ముల కథలు చెబుతున్నాడు. ఆయన చూపు ఈ మౌనిమీద పడింది. ఎక్కడికి స్వామీ అని పలకరించాడు. తిరువణ్ణామలైకి. నేనూ అటే అన్నాడు మౌల్వీ. కుర్రాడు చటుక్కున తలెత్తాడు. ఆ ఊరికేనా? కాదు, దానికి ముందు స్టేషను తిరుక్కోయిలూరు. అయితే రైలు తిరువణ్ణామలై దాకా పోతుందా? మౌల్వీకి నవ్వొచ్చింది. వింత ప్రయాణికుడివే, టికెట్టెక్కడికి కొన్నావు? తిండివనానికి. అంత దూరం పోనక్కర్లేదు, విల్లుపురంలో దిగి బండి మారాలి అని చెప్పాడాయన.

ఆకాశవాణి కాదు. కల కాదు. మూడో తరగతి పెట్టెలో పక్కన కూర్చున్న ముసలాయన. దారి చూపించే పెద్దలంటే కాషాయంలోనే వస్తారని కాచుక్కూర్చునేవాళ్ళు ఈ బెంచీ దగ్గర ఒక నిమిషం నిలబడి పోవాలి.

సందెవేళకు తిరుచిరాపల్లి. ఆకలేసి అర్ధణా పెట్టి రెండు పెద్ద నాటు బేరిపళ్ళు కొన్నాడు. ఒక్క కొరుకుతో కడుపు నిండిపోయింది. నిన్నటిదాకా పుష్టిగా తినే పిల్లాడు. తనకే ఆశ్చర్యం.

తెల్లవారుజామున మూడింటికి విల్లుపురం. తెల్లారేదాకా స్టేషన్లోనే ఉండి, ఊళ్ళోకి నడిచాడు. దారి చూపే పలకల మీద మాంబళపట్టు అని ఉంది గాని తిరువణ్ణామలై అని లేదు. ఎవరినైనా అడగొచ్చుగా అని మీకు నోటిదాకా వస్తోంది, నాకు తెలుసు. బిడియం. ఆకలి కూడా వేస్తోంది. ఓ పూటకూళ్ళ ఇంటికి పోతే మధ్యాహ్నం దాకా ఆగమన్నారు. నల్లటి నిగనిగలాడే జుట్టు, చెవులకు కెంపుల పోగులు, చేతిలో సంచి కూడా లేదు. హోటలాయన ఎగాదిగా చూశాడు. తిన్నాక రెండణాలు చాపితే, నీ దగ్గరెంతుందని అడిగాడు. రెండున్నర అణాలు. ఉంచుకో నాయనా అన్నాడు. ఆ రెండున్నర అణాలకే మాంబళపట్టు టికెట్టు వచ్చింది. అక్కడ దిగేసరికి చేతిలో దమ్మిడీ లేదు.

ఇక నడకే. ఆగస్టు ఎండలో మధ్యాహ్నం నుంచి పది మైళ్ళు. పొద్దుగూకేవేళకు అరయణినల్లూరు. బండరాతి గుట్టమీద గుడి. తలుపులు తీసేదాకా బయట ఆగి, లోపల స్తంభాల మండపంలో కూర్చున్నాడు. కూర్చున్నవాడికి చుట్టూరా పెద్ద వెలుగు కనబడింది. గర్భగుడిలోంచి వస్తోందేమోనని లేచి వెళ్ళి చూస్తే లేదు, ఆరిపోయింది. ఈలోగా పూజారులు తాళాలు పట్టుకుని నిలబడ్డారు. తినడానికేమైనా ఉందా? లేదు. రాత్రికి ఇక్కడ పడుకోవచ్చా? కుదరదు. ముప్పాతిక మైలు దూరంలో కీలూరు గుడికి పోతున్నాం, కావాలంటే వెంట రా అన్నారు. అక్కడా పూజయ్యాక అదే జవాబు. ఒక్క నిమిషం కిందట వెలుగు చూపించిన దేవుడు మరుక్షణం పట్టెడన్నం పెట్టించలేడా అని సందేహపడటానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. అప్పుడు గుళ్ళో డోలు వాయించేవాడు కలగజేసుకున్నాడు. నా వంతు ప్రసాదం ఈ అబ్బాయికి పెట్టండి.

విస్తరిలో అన్నం పట్టుకుని మంచినీళ్ళకోసం ఓ శాస్త్రిగారి ఇంటి ముందుకెళ్ళి నిలబడ్డాడు. అలసట ముంచుకొచ్చి అక్కడే తూలి పడిపోయాడు. తెలివొచ్చేసరికి చుట్టూ జనం వింతగా చూస్తున్నారు. అన్నం నేలపాలైంది. చిందిన మెతుకులు ఏరుకుని తిన్నాడు, మంచినీళ్ళు తాగాడు, అక్కడే నేలమీద పడుకున్నాడు.

మర్నాడు గోకులాష్టమి. ముత్తుకృష్ణ భాగవతార్ అనే ఆయన ఇంటి తలుపు తట్టి అన్నం అడిగాడు. పండగపూట వచ్చిన బాలుణ్ణి ఆ ఇల్లాలు కృష్ణుడే వచ్చినట్టు కూర్చోబెట్టి పెట్టింది. ఇంకా ఇరవై మైళ్ళుంది. కాళ్ళు వాచాయి. చెవుల పోగులు తీసి తాకట్టు పెట్టుకోమన్నాడు. ఇరవై రూపాయలు చేసే సొత్తు, అడిగింది నాలుగు. భాగవతార్ చిరునామా రాసుకుని, తనదీ రాసిచ్చి విడిపించుకోమన్నాడు. ఇల్లాలు కృష్ణుడి కోసం చేసిన పిండివంటలు పొట్లం కట్టి ఇచ్చింది. స్టేషను దారిలో కుర్రాడు ఆ చీటీ చింపేశాడు. తిరిగి వచ్చేదుంటే కదా చీటీ దాచుకోవడానికి!

సెప్టెంబరు 1 ఉదయం తిరువణ్ణామలై. గబగబ నడుస్తున్నాడు, అందుకోవడం కష్టంగా ఉంది. గుడి ప్రాకారాల తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. గర్భగుడి తలుపు కూడా. పూజారి లేడు, భక్తుడు లేడు, లోపలికి పోతున్నవాణ్ణి ఎవరని అడిగేవాడు లేడు. మనం ఇక్కడే ఆగిపోదాం. తండ్రీ, వచ్చేశాను అని లోపల చెప్పుకున్నాడట. అంతకు మించి మనం వినాల్సింది లేదు.

బయటికొచ్చాక పనులు చకచకా సాగాయి. అయ్యన్‌కుళం చెరువులో పిండివంటల పొట్లం విసిరేశాడు. ఎవరో క్షౌరం చేయించుకుంటావా అని అడిగితే ఆ జుట్టూ తీయించేశాడు. పంచె చింపి గోచీ కట్టాడు. మిగిలిన మూడు రూపాయల చిల్లరా, జంధ్యమూ పోయాయి. ఈ ఒంటికి స్నానం మాత్రం ఎందుకని గుడివైపు తిరిగాడు. వాన ఆ పని చేసి పెట్టింది.

ఆ తర్వాత 1950 ఏప్రిల్ 14న కన్నుమూసేదాకా, యాభై మూడేళ్ళు దాటి, ఆ ఊరు దాటలేదు. కథను ఇక్కడ ఆపేస్తే తియ్యగా ఉంటుంది. కానీ మానామదురైలో తల్లి అళగమ్మ ఉంది. కొడుకు ఎక్కడున్నాడో తెలియడానికి రెండేళ్ళు పట్టింది. 1898లో పెద్దకొడుకు నాగస్వామిని వెంటబెట్టుకుని వచ్చి, మట్టి కొట్టుకుపోయిన ఆ ఒంటిని చూసి, ఇంటికి రమ్మని రోజుల తరబడి ఏడ్చింది. అతను నోరు విప్పలేదు. ఎవరికెలా జరగాల్సి ఉంటే అలాగే జరుగుతుందన్న అర్థం వచ్చేట్టు ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఆవిడ తిరిగి వెళ్ళిపోయింది. ఒకరి లోపలి మాటకు మూల్యం చాలాసార్లు పక్కవాళ్ళే చెల్లిస్తారు. ఈ సంగతి మింగేసి ఇలాంటి కథలు చెప్పకూడదు. 1916లో ఆవిడ కొడుకు దగ్గరికే వచ్చి ఉండిపోయింది గాని, ఆ మధ్య గడిచిన ఏళ్ళను ఎవరు తిరిగిస్తారు?

ఇవాళ పౌర్ణమికి మన ఊళ్ళనుంచి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు అరుణాచలానికి పోతున్నాయి. పద్నాలుగు కిలోమీటర్ల గిరిప్రదక్షిణలో ఎటు విన్నా తెలుగే. దేన్నీ ప్రశ్నించకుండా వదలని రచయిత చలం 1950లో బెజవాడ విడిచి అక్కడికే చేరాడు. 1979లో అక్కడే పోయాడు. వీళ్ళందరికంటే ముందు ఆ కొండెక్కిన ఒక తెలుగువాడి వెంట మనమూ ఎక్కుదాం. కుర్రాడి తలలో ఆలోచనలు లేవు కాబట్టి సరిపోయింది, నిండా ఉన్నవాడి గతేమిటని అడగాలంటే ఇతనే సరైన మనిషి.

1907 నవంబరు 18. కార్తీకమాసం, అయినా మధ్యాహ్నపు ఎండకు రాళ్ళు కాలుతున్నాయి. ముందు నడుస్తున్నది బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి. ఇరవై తొమ్మిదేళ్ళు. నవద్వీపంలో పండితుల ముందు ఆశువుగా శ్లోకాలు గుప్పించి కావ్యకంఠ బిరుదు తెచ్చుకున్నవాడు. వేదం, వ్యాకరణం, అలంకారం, మంత్రశాస్త్రం, ఏది ముట్టుకున్నా వశమే. చేసిన జపానికి లెక్కలేదు. ఇంత చేసినా ఫలం ఏదన్న గుంజాటన ఒకటి నిద్రపోనివ్వడం లేదు. ఉదయం నుంచి ఉన్నచోట ఉండలేక, విరూపాక్ష గుహలో ఉండే బ్రాహ్మణస్వామి, అంటే మన కుర్రాడే, మనసులో మెదిలి, ఎండ అని కూడా చూడకుండా ఎక్కుతున్నాడు. వాదించి గెలవడం తెలిసిన మనిషి. ఈ కాస్త ఎక్కుడు మాత్రం ఏ వాదమూ లేకుండా జరిగిపోతోంది.

గుహ ముందు అరుగుమీద స్వామి ఒక్కడే ఉన్నాడు. శాస్త్రి సాష్టాంగపడి రెండు చేతులా పాదాలు పట్టుకున్నాడు. గొంతు వణుకుతోంది. చదవాల్సిందంతా చదివాను, వేదాంతమూ వదల్లేదు, జపం తనివితీరా చేశాను, తపస్సంటే ఏమిటో మాత్రం ఇప్పటికీ తెలియలేదు అన్నాడు.

పావుగంట సేపు చూపే, మాట లేదు. ఇంత పండితుడు పావుగంట మాట్లాడకుండా ఉండటమే ఒక వింత. తర్వాత అరవంలో నెమ్మదిగా రెండు వాక్యాలు. నేను, నేను అనేది ఎక్కణ్ణుంచి పుడుతోందో గమనిస్తే మనసు అందులో లీనమవుతుంది, అదే తపస్సని. జపం చేస్తున్నప్పుడు ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో గమనించినా అంతేనని. చదివింది మరిచిపొమ్మనలేదు, జపం మానమనలేదు. చూపు తిప్పుకోమన్నాడు.

శాస్త్రి సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాడు. సేవ చేసే పళనిస్వామిని అడిగి స్వామి అసలు పేరు తెలుసుకున్నాడు. వెంకట్రామన్ కాస్తా రమణుడయ్యాడు. ఈయన ఇక భగవాన్ రమణ మహర్షి అని శాస్త్రి తనవాళ్ళకు ఉత్తరాలు రాశాడు. లోకం ఇప్పటికీ పిలుస్తున్న పేరు మన ఉత్తరాంధ్ర పండితుడు పెట్టినదే.

కొద్దిరోజులకే శాస్త్రి ఉమాసహస్రం మొదలుపెట్టాడు. వెయ్యి శ్లోకాలు, ఇరవై రోజుల్లో పూర్తిచేస్తానని పంతం. చివరి రాత్రికి ఇంకా మూడు వందల దాకా మిగిలాయి. మామిడిచెట్టు గుహలో దీపాల వెలుగులో రాయసగాళ్ళు వరసగా కూర్చున్నారు. శాస్త్రి ఒకరి తర్వాత ఒకరికి ఆగకుండా చెబుతూ పోయాడు. వెనక రమణుడు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆఖరి శ్లోకం అయ్యాక ఆయన కళ్ళు తెరిచి, నేను చెప్పినదంతా రాసుకోవడం అయిందా నాయనా అని అడిగాడని ఆశ్రమంవాళ్ళు చెబుతారు. మొదటి ఏడు వందల శ్లోకాలనూ శాస్త్రి తర్వాత ఎన్నోసార్లు దిద్దుకున్నాడు. ఆ మూడు వందల జోలికి మాత్రం పోలేదట.